నీలం పెట్టె, పసుపు పెట్టె

పోయిన వారం మా మామయ్యను హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి, ఒళ్ళో రెండు డిస్కు పెట్టెలు, కుడికంటి మీద ప్లాస్టిక్ డొప్ప ఉండగా అలాగే వదిలేసి వెళ్ళిపోయాను. పెద్దాయన్ని వారం పాటు అలా కూర్చోబెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. ఆయన దగ్గరికే వస్తున్నాను. ముందు, ఈ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

మామయ్య కెమెరామాన్. వయసులో ఉండగా పడవ సినిమాకు పనిచేశారు. దానికి అసలు పేరొకటి ఉంది గానీ ఎవరూ వాడరు, పడవ సినిమా అంటేనే తెలుస్తుంది. రేవు దాటించే ఒక పడవ, దాన్ని నమ్ముకొని బతికే ఒక ఆడమనిషి, అంతే కథ. విడుదలైనప్పుడు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. చాలా ఏళ్ళకు ఒక కంపెనీ దాన్ని డిస్కుగా తెచ్చింది. రంగులు సరిచేసేటప్పుడు మామయ్యే పక్కన కూర్చుని దగ్గరుండి చేయించారు. అదే నీలం పెట్టె. అందులో నీళ్ళూ ఆకాశమూ పడవా మనుషుల ముఖాలూ అన్నీ ఒక వింత నీలంలో నాని ఉంటాయి. ఆ నీలం మీద వ్యాసాలొచ్చాయి. మామయ్యకు నీలం మాస్టారు అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయన కొడుకు, అంటే మా ఆయన, సినిమా చదువుకునే పిల్లలకు ఆ నీలం గురించే పాఠాలు చెబుతాడు. ఆ నీలం చూసి మతిపోయి సినిమాలకు రంగులు సరిచేసే ఈ పనిలోకి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత ఆ ఇంటికే కోడలినయ్యాను.

ఇప్పుడు అదే కంపెనీ సినిమాను మళ్ళీ మొదటి నుంచి శుభ్రం చేయించింది. ఈసారి రంగులు సరిచేసింది నేను. నా ప్రతిలో ఆ నీలం లేదు. దాని అట్టపెట్టె పసుపు. డిస్కులన్నీ తయారై గోదాములో ఉన్నాయి. రెండు రకాలూ అమ్మితే కొనేవాళ్ళు తికమకపడతారు, ఒకటే ఉండాలి, ఏది ఉండాలో తీసినాయనే కెమెరా ముందు చెప్పాలి అని కంపెనీ పట్టుబట్టింది. మామయ్య కాదన్నది చెత్తలోకి పోతుంది. ఆ మాట రికార్డు చేసుకోవడానికి కంపెనీ ఆవిడను కారులో ఎక్కించుకొని మా ఆయన ఆ మధ్యాహ్నం ఇంటికి బయల్దేరాడు. వాళ్ళు వచ్చేలోపు మామయ్య రెండూ చూడాలి. ఆయన కళ్ళలోని శుక్లాల్లో కుడికంటిది ఆ ముందురోజే ఆపరేషన్ చేసి తీశారు, ఎడమది ఇంకా అలాగే ఉంది. నీలానికి కారణం ఆ శుక్లాలేమోనని నా అనుమానం. ఆ అనుమానం ఇంట్లో నాకొక్కదానికే ఉందనుకున్నాను. అదీ సంగతి.

"డొప్ప తీయి, అమ్మాయ్," అన్నారు మామయ్య.

"పగలు తీయొచ్చనే చెప్పాడు డాక్టరు," అని అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి వంతపాడారు.

బుగ్గ మీది అంటుపట్టీ నెమ్మదిగా ఊడదీసి, జిగురు తడిబట్టతో తుడిచాను. మామయ్య రెండు మూడుసార్లు కళ్ళార్పారు. నేను రిమోటు పట్టుకొని సిద్ధంగా ఉన్నాను గానీ ఆయన టీవీ వైపు చూడలేదు, కిటికీ వైపు చూశారు.

"కర్టెన్ ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదు. మీరు కొన్నదే," అన్నారు అత్తయ్య.

"నేను మీగడ రంగుది కొన్నాను."

"తెల్లదే కొన్నారు."

ఆయన వాదించలేదు. మా ఇంట్లో ఆయన వాదించకుండా ఒక మాట వదిలేశారంటే ఏదో ముంచుకొస్తున్నట్టే. చొక్కా చేతిని కంటి దగ్గరికి తెచ్చుకొని చూసుకున్నారు. కాలరు లాగి చూసుకున్నారు.

"ఈ చొక్కా నీలంగా ఉందేమిటి?"

అత్తయ్య చేతిలోని గిన్నె తుడుస్తూ నిలబడ్డారు. తుడవాల్సిన తడి ఎప్పుడో అయిపోయింది.

"నిన్నే అడిగేది. నేను జన్మలో తెల్ల చొక్కా తప్ప వేసుకున్నానా?"

"చొక్కాలు పచ్చబడిపోతున్నాయి, నీకు ఉతకడం చేతకాదు అని మీరు గోల పెట్టేవారు. నీలిమందు వేశాను. చాల్లేదన్నారు. ఇంకొంచెం వేశాను. ఇంకా పచ్చగానే ఉందన్నారు. ఒకరోజు, ఇదిగో ఇప్పుడు తెల్లగా ఉంది అన్నారు. ఆ రోజు నుంచి అంతే వేస్తున్నాను," అన్నారు అత్తయ్య.

ఆ చొక్కాలను నేనూ ఏళ్ళ తరబడి దండెం మీద ఆరేశాను. పెద్దాయన ముచ్చటపడి లేత నీలం వేసుకుంటున్నారనుకున్నాను. నీలం మాస్టారు కదా, పేరుకు తగ్గట్టే ఉన్నారని మా ఆయనతో నవ్వుకున్నాం కూడా. రంగులు చూసి బతికే నాకు అది తట్టనే లేదు.

మామయ్య ముందు కుడికన్ను అరచేత్తో మూసుకున్నారు. తర్వాత ఎడమకన్ను. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. కర్టెన్, చొక్కా, గోడ, తన గోళ్ళు, ఒక్కొక్కటే రెండు కళ్ళతో విడివిడిగా చూశారు. జీవితమంతా కన్ను పెట్టుబడిగా బతికిన మనిషికి విడమరిచి చెప్పాల్సింది ఏముంటుంది. ఆయన ముఖం నా కళ్ళ ముందే వాడిపోయింది.

"నీలం పెట్టె పెట్టు," అన్నారు.

పెట్టాను. పడవ మంచులోంచి రేవు వైపు వచ్చే మొదటి సీను. పడవ మనిషి గడ వేస్తూ ఉంటుంది. చేతులు నీలం, చెంపలు నీలం. ఎన్నిసార్లు చూశానో ఆ సీను. ఎప్పుడు చూసినా ఒళ్ళు జలదరించేది. ఈసారి మామయ్య పక్కన కూర్చుని చూస్తుంటే ఆ చేతులు చలికి బిగిసిపోయిన చేతుల్లా కనిపించాయి, ఇంకేమీ కనపడలేదు.

"ఆపు."

ఆపాను.

"రెండోది."

నా ప్రతి మొదలైంది. అదే రేవు, అదే మంచు. కానీ మంచు తెల్లగా ఉంది. పడవ చెక్క చెక్కలా ఉంది, తారు పూసిన చోట నల్లగా, అరిగిన చోట ఎర్రగా. గడ పట్టుకున్న చేతుల్లో నెత్తురు ఉంది. భుజాల మీద శాలువా ముదురు పసుపు. మామయ్య ముందుకు వంగి, తెర మీద వేలు పెట్టబోయి ఆగిపోయారు.

"ఆ చెక్క నాకు తెలుసు. దాని మీదే పడుకునేవాళ్ళం, షాటుకు షాటుకు మధ్య," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క మాట కోసమే ఇంతకాలం ఇన్ని పాట్లు పడ్డాను. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆయన వెనక్కి వాలి, ఏ కన్నూ మూసుకోకుండా నావైపు తిరిగారు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"అత్తయ్య ట్రంకుపెట్టెలోంచి ఆ శాలువా తెచ్చుకున్నాను కదా, అప్పుడు. దాన్ని తెర పక్కన పెట్టుకొని, తెర మీది శాలువా దీనితో కలిసేదాకా రంగు జరిపాను. అది కలవగానే మిగతావన్నీ వాటంతట అవే కుదురుకున్నాయి. ముఖాలు, చెక్క, మంచు అన్నీ. అప్పుడు అనుమానం వచ్చింది."

మా పనిలో ఇది మామూలే. ఏదో ఒక వస్తువును నమ్ముకొని దాని చుట్టూ లోకాన్ని సర్దుకుంటాం. ఈ సినిమాకు శాలువాను మించిన ఆధారం దొరకదు. బట్టలన్నీ కుట్టింది అత్తయ్య, ఆ శాలువాకు తన చేతులతో రంగు అద్దిందీ ఆవిడే. పెట్టె అడుగున వెలుతురు తగలకుండా ఉండిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నీళ్ళు నమిలాను. "ఆపరేషన్ అయితే మీరే చూసుకుంటారని..."

"ఆహా. చెప్పే పని నా కంటికే అప్పజెప్పావన్నమాట. తెలివైనదానివి."

కొట్టినా బాగుండేది. ఆయన ఇక నన్ను వదిలేసి గుమ్మం వైపు చూశారు.

"నీకు?"

అత్తయ్య గిన్నె బల్ల మీద పెట్టి వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చున్నారు. "నాకు మొదటి రోజునుంచీ తెలుసు," అన్నారు.

ఇంట్లో ఈ అనుమానం మోస్తున్నది నేనొక్కదాన్నే అనుకొని తిండి సయించక, నిద్ర పట్టక తిరిగానే, ఈవిడ దీన్ని కడుపులో పెట్టుకొని ఎన్నేళ్ళు కాపరం చేశారు?

"నేను అద్దిన పసుపు తెర మీద నాచు రంగులో కనపడితే నాకు తెలియదా?" అన్నారు ఆవిడ.

"నీలం ప్రతిని మొదటిసారి హాల్లో వేసిన రోజు నా పక్కనే కూర్చున్నావు. దీపాలు వెలగ్గానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టావు."

"కొట్టాను. హాలంతా లేచి నిలబడింది. సినిమా వచ్చినప్పుడు మీవైపు చూడనివాళ్ళు ఆ రోజు మీ చేతులు పట్టుకోవడానికి వరస కట్టారు. ఇంటికొచ్చి అన్నం తింటూ మీరు నవ్వుతున్నారు. అప్పుడు నేను శాలువా రంగు అది కాదండీ అనాలా?"

"అనాలి."

"అంటే ఏం చేసేవారు?"

మామయ్య చొక్కా కాలరు మళ్ళీ లాగి చూసుకున్నారు.

"అందరూ చూశారు. ఇంట్లో అందరూ చూశారు. నేనొక్కణ్ణే చూడలేదు. చొక్కాకు నీలిమందు వేసినట్టే సినిమాకూ వేసుకున్నాను. దాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు. నా కొడుకు దాని మీద పాఠాలు చెబుతున్నాడు. ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని, అయ్యా, మీరంతా మెచ్చుకున్నది నా పనితనం కాదు, నా శుక్లం అని చెప్పాలి. అంతేగా?"

"అలా చెప్పక్కర్లేదు మామయ్యా. పసుపు పెట్టె నా సినిమా అంటే చాలు."

"నీలం ఏమైందని అడగరా?"

అడుగుతారు. అడక్కుండా ఎందుకుంటారు. మా ఆయనే ముందు అడుగుతాడు. పొద్దున కారు తాళాలు తీసుకుంటూ, నాన్న పేరు నిలబడాలంటే నీలమే నిలబడాలి, నువ్వు ఈ ఒక్కసారికి తగ్గు అని చెప్పే వెళ్ళాడు. తగ్గడమంటే నా డిస్కులు ముక్కలవడం. నాలుగు డబ్బులు నష్టపోవడమైతే ఊరుకుందును. పడవ సినిమా అసలు రంగు ఇక ఎవరికీ కనపడదు, అదీ నా బాధ.

అత్తయ్య లేచి మామయ్య ఒళ్ళోంచి పెట్టెలు తీసి బల్ల మీద సర్దారు, నీలం కింద, పసుపు పైన. అది కావాలని చేశారో, చేయి అలా తిరిగిందో తెలియదు. ఆవిడ చేసే ఏ పనిలోనూ నేనిక ఏదీ ఊరికే అనుకోలేకపోతున్నాను.

"సరే. పసుపు పెట్టే నాది అంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. ఈ వయసులో నాకు కొత్తగా పోయేదేముంది," అన్నారు చివరికి.

పోయేది ఏమిటో గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. నేను లేచి ఆయన పాదాల దగ్గర కూర్చున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "ఆఖరి సీను చూపించు. దాన్ని చూశాక చెబితే మాట తడబడదు," అన్నారు.

ఆఖరి సీను మీకు గుర్తుండే ఉంటుంది. పోగొట్టుకోవాల్సిందంతా పోగొట్టుకున్నాక ఆమె ఒక్కతే పడవ తోసుకొని నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. ముఖం కనపడదు. వెనకనుంచే చూస్తాం. భుజాల మీద శాలువా, చుట్టూ మంచు, అంతే. పట్టుకోవడానికి ఒంటి రంగు గానీ చెక్క గానీ లేని సీను. నాకు దొరికిన ఆధారం శాలువా ఒక్కటే. అది ముదురు పసుపు అయ్యేదాకా జరిపాను. మంచు బంగారంలా మెరిసింది. నీళ్ళు కాస్త బురద తేలినట్టు అనిపించాయి గానీ, పొద్దు పొడుస్తోంది కదా అని సరిపెట్టుకున్నాను.

మామయ్య ఎడమకన్ను మూసుకొని, కొత్త కంటితో చివరిదాకా చూశారు. పడవ చిన్నదై చిన్నదై మాయమైంది.

"ఇది తప్పు," అన్నారు.

"ఏది?"

"ఈ సీను. ఇంకా పొద్దు పొడవలేదు. పొడవకముందే తీయాలని మంచులో కాళ్ళు కొయ్యబారేదాకా నిలబడ్డాం. ఇక్కడ బంగారం లేదు. ఇక్కడ నీలమే. మొత్తం సినిమాలో ఇదొక్కటే నీలం. ఇది నాది."

పాపం, ఆ నీలాన్ని పూర్తిగా వదులుకోలేకపోతున్నారు అనుకున్నాను. వదులుకోవడానికి మనిషికి కాస్త వ్యవధి కావాలి కదా.

"మామయ్యా, మరి శాలువా? దీన్ని నీలంలోకి తెస్తే శాలువా బూడిద రంగులోకి పోతుంది. ఆ సీనుకు అదొక్కటే కొలత."

"పోనీ. బూడిద రంగుదే అది. పసుపుది అంతకు ముందురోజే నీళ్ళలో పడి తడిసి ముద్దయింది. ఆరేలోపు వెలుతురు పోతుందని డైరెక్టరు నెత్తీ నోరూ బాదుకున్నాడు. అప్పటికప్పుడు ఇంకోటి కప్పాం. ఆ చీకట్లో రంగు మారిందని ఎవరికి తెలుస్తుందిలే అన్నాను నేనే."

ఆ ఎండిన పసుపు శాలువానే నేను పెట్టెలోంచి తెచ్చుకున్నాను. ఒక్క శాలువాను పట్టుకొని సినిమా మొత్తం సర్దాను. ఆయన చెప్పేది నిజమైతే, గోదాములో ఉన్న ప్రతి డిస్కులోనూ ఆఖరి సీను అబద్ధం. ఆయన తన శుక్లంతో చేసిన తప్పునే నేను నా శాలువాతో చేశాను. మంచి కళ్ళు రెండూ పెట్టుకొని చేశాను.

నిజమైతే. అత్తయ్య వైపు తిరిగాను.

"అత్తయ్యా, శాలువాలు ఎన్ని?"

ఆవిడ ముందు మామయ్య ముఖం చూశారు. నావైపు తిరిగారు.

"రెండు."

"నాకు ఒకటే ఇచ్చారు."

"నువ్వు శాలువా కావాలన్నావు, ఇచ్చాను. ఎన్ని అని అడగలేదుగా."

"రెండోది ఏం రంగు?"

"బూడిద రంగు. ఆయన చెప్పారుగా."

ఆయన చెప్పారు కనక మీరు చెబుతున్నారా అని నోటిదాకా వచ్చింది. చొక్కా తెల్లగా ఉందని ఆయన అనేదాకా నీలిమందు వేసిన మనిషి. నాచు రంగు చూసి చప్పట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు ఆయనకు ఒక్క సీనంత నీలం మిగిలితే చాలనుకొని ఇంకో శాలువా పుట్టించరని నమ్మకమేమిటి? ఆవిడ కళ్ళలోకి చూశాను. అక్కడ నాకేమీ దొరకలేదు.

"అది ఎక్కడుంది?"

"అరిగి చిరుగులు పట్టింది. ఎక్కడో పోయింది." ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచారు. "నీకు తెలియనిదేం కాదు. నీ కొడుకును ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు దేంట్లో చుట్టాం? వాడికి పళ్ళొచ్చేదాకా దాంట్లోనే పడుకోబెట్టుకున్నావు."

వీధిలో కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు, మా ఆయన గొంతు, ఎవరో ఆడమనిషి నవ్వు. మెట్ల మీద బరువైనదేదో మోసుకొస్తున్న అడుగులు.

మామయ్య నిటారుగా కూర్చుని చొక్కా సర్దుకున్నారు. "ఇంకేం, నువ్వు చూశావన్నమాట," అన్నారు నాతో. ఆయన ముఖంలో ఆ మధ్యాహ్నమంతా లేని ధైర్యం కనిపించింది. "నా కన్ను చెప్పింది నేను నమ్మను. మీ అత్తయ్య చెప్పింది కూడా ఇవాళ నమ్మలేను. నీ మాట మీద చెబుతాను. అది బూడిదరంగు అయితే, ఈ డిస్కు కూడా తప్పేనని చెప్పి రెండూ వద్దంటాను. పసుపు అయితే, పసుపు పెట్టే నాది. చెప్పు తల్లీ."

కళ్ళు మూసుకున్నాను. మెత్తదనం గుర్తొచ్చింది. పాల వాసన గుర్తొచ్చింది. ఒక అంచున దారం ఊడి ఉండేది, వాడికి పాలిస్తూ దాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చునేదాన్ని. ఆ దారం ఇప్పటికీ వేలి మీద ఉన్నట్టే ఉంది. రంగు మాత్రం రాలేదు. బూడిద అనుకుంటే బూడిదగా కనపడింది. పసుపు అనుకుంటే పసుపుగా కనపడింది.

అత్తయ్య వెళ్ళి తలుపు తీశారు. కంపెనీ ఆవిడ నమస్కారం పెట్టి, రికార్డింగు దీపం ఎక్కడ నిలబెట్టాలా అని గది చుట్టూ చూసింది. మా ఆయన చెప్పులైనా విప్పకుండా బల్ల మీది పెట్టెలు చూశాడు, మా ముఖాలు చూశాడు.

"ఏది నాన్నా? ఏదంటున్నారు?"

మామయ్య నావైపు చెయ్యి చూపించారు.

"మీ ఆవిడ చెబుతుంది," అన్నారు.